మట్టెవాడ గోదాము

పగులుకు అడ్డంగా గాజుపలక అంటించి
మూలకు తేదీ రాసిన: రోహిణి కార్తె, తొమ్మిదో రోజు.
గోడ కదిలితే ముందు విరిగేది అదే.
అంతకన్నా దాన్ని ఏమీ అడగలేదు.

ఈ మిరపకాయల గోదామును
కూలగొట్టాలని అన్న, నిలపాలని తమ్ముడు.
నా సంతకం కోసం ఇద్దరూ చాయ్ తెప్పించిన్రు.
రెండూ తాగిన.

తేమ కొలిచే మీటరు నా చేతిలో,
చింతకర్ర సుత్తె వడ్ల సోమాచారి చేతిలో.
నిచ్చెనెక్కి దూలం పొడుగూతా కొడుతూ పోయిండు,
అంగట్ల కుండ కొనేటోని లెక్క చెవి ఒగ్గి.
నడుమ కంగుమన్నది.
ఇంకో మూర. కంగుమన్నది.
గోడలకు దూరే కాడ
బొద్దుమన్నది.
"పెయ్యంత మంచిగున్నది బిడ్డా,
మెడ కాడ సచ్చింది."

సన్నటి బరమాతోని తొలిస్తే
టేకు పొట్టు రాలింది, వెనకనే ఘాటు.
ముగ్గురం ఒక్కసారే తుమ్మినం.
ఎన్నడో ఎత్తిన బస్తాల కారం
కర్ర ఇంకా కడుపుల పెట్టుకున్నది.

చెదలు కాదు, నీళ్లు.
ఎవరో మంచికే డంగుసున్నం గీకి
గోడ నిండా సిమెంటు పూసిన్రు,
చెమట పట్టిన ఒంటికి రెయిన్‌కోటు తొడిగినట్టు.
తాగిన వాన బయటికి పోయే తొవ్వ లేక
దూలం కొసల్లోకి దిగింది.
ఆ మాట నేను గట్టిగనే అన్న.

సుతారి ఓదెలు ఉలి దించిండు.
"పూసింది మా నాయన మేడం.
పన్నెండు బస్తాలు పట్టిందని
ఊరంతా చెప్పుకున్నడు."
తర్వాత ఆ సిమెంటును
పుండు మీది పట్టీ లెక్క
అంచుల నుంచి, మెల్లగ, ఊడదీసిండు.
నేను మీటరు చూస్తున్నట్టు నిలబడ్డ.

కుళ్లిన మెడ కోసి కొత్త టేకు ఏటవాలుగ అతికినం.
ఇనుప బోల్టులు వద్దన్నడు సోమాచారి, రెండు పెట్టిన్నేను;
మిగతావి ఆయన చెక్కిన కర్రమేకులు.
కొస చుట్టూ వేలు పట్టేంత సందు, గాలికి.
కరక్కాయ నీళ్లు, బెల్లం, సున్నం:
నెలంతా ఓదెలు చేతులకు ఈగలు.

రిపోర్టుల 'మిగిలిన ఆయుష్షు' అని ఒక గడి.
ఎన్నిసార్లు తెరిచినా దాన్ని దాటి
తర్వాతి పేజీకి పోయిన.

స్వాతి కార్తెల మళ్లొచ్చి చూస్తే
పలక మీద వెంట్రుకంత గీత.
దుమ్మన్నడు ఓదెలు. కొంగుతో తుడిచిన.
పోలేదు.
పక్కన ఇంకో పలక అంటించి
తేదీ రాస్తుంటే
కింద నుంచి సోమాచారి అడిగిండు,
"ఏమన్నదే?"