చిల్లర

నాయిన తోలు సంచీ అటక మీంచి దించాను.
లోపల ఇంకా టిక్కెట్ల కాగితం వాసన,
విజిల్లో ఎండిపోయిన ఊపిరి.
అడుగున, కుట్టు ఊడిన మూలలో
ఏడు అంచుల నాణెం ఒకటి.
పులియంతోపులో ఏ కొట్లోనూ చెల్లలేదది, నలభై ఏళ్లుగా.

పల్లవన్ బస్సులో కండక్టరు మా నాయిన పెంచలయ్య.
వీధులూడ్చే వాళ్ల కాలనీలో
చీపురు కాక సంచీ పట్టుకున్న మొదటి చెయ్యి.
ఎవరో యాస చెప్పేసేది,
యాస దాచినా ఎక్కిన స్టాపు చెప్పేసేది.
ఆ చేతికి తగలకుండా
జానెడు పైనుంచి చిల్లర జారవిడిచేవాళ్లు.
కొంత అరచేతిలో, కొంత కాళ్ల సందుల్లో.
వంగి ఏరుకుని "రైట్, పోలాం" అనేవాడు.
రాత్రి లెక్క చూస్తే ఎప్పుడూ పావలా తక్కువ.
అది అమ్మ పోపుల డబ్బాలోంచి పోయేది.

ఎనభై మూడులో ఒక మధ్యాహ్నం
హార్బరు గేటు దగ్గర ఎక్కాడట డెల్‌రాయ్,
సరుకు ఓడలో వంటవాడు,
పుట్టింది జమైకా, ఉండేది బ్రిస్టల్.
బస్సంతా తల తిప్పి చూసింది.
అతని పక్క సీటు చివరి దాకా ఖాళీగానే వచ్చింది.
నాయినకి బాగా తెలిసిన ఖాళీ అది.
టిక్కెట్టు డబ్బులు అతను
అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, నొక్కాడట.
"ఇదిగో, ఇక్కడ" అని ఇప్పటికీ చూపిస్తాడు నాయిన.
అక్కడేమీ ఉండదు.

టెర్మినస్‌లో టీ. వచ్చీరాని ఇంగ్లీషు.
మా ఊళ్లో నల్లవాడికి ఈ సంచీ ఇచ్చేవాళ్లు కాదు,
బస్సులెక్కడం మానేశాం, అన్నాడతను.
ఎవరు నేర్పారు?
సముద్రం అవతల మాంట్‌గోమరీలో
ఆడవాళ్లు ఏడాదికి పైగా నడిచారు,
పాచిపనికీ, వంటపనికీ, చర్చికీ,
చెప్పులు అరిగితే అట్టముక్కలు పెట్టుకుని.
ఒకప్పుడు మా ఊరి ఓడలు
మా ముత్తాతల్ని గొలుసులేసి మోసిన నీళ్లే.
ఆ నీళ్ల మీదుగానే నడక మాకు చేరింది.
నాలుగు నెలలకి కంపెనీ తలొంచింది.
మొదట సంచీ తగిలించుకున్నదెవరో తెలుసా,
మీ వైపు నుంచొచ్చిన తలపాగా మనిషి!

నాయిన టీ చల్లారిపోయింది.

మర్నాడు ఒకావిడ డబ్బులు జారవిడవబోతే
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
నేల మీద పడ్డాయి. ఏరలేదు.
మళ్లీ చాచాడు. విజిల్ ఊదలేదు.
బస్సు ఆగింది, రెండు భాషల్లో తిట్లు కదిలాయి.
అతని కోసం ఎవరూ దిగి నడవలేదు.
మెమో. మూడు రోజుల జీతం కోత.

నాలుగో రోజు, తెల్లారగట్ల అయిదింటి బస్సు.
నరసమ్మత్త, కోటమ్మ, మా అమ్మ, ఇంకా ఎంతమందో
చీపుర్లు మెట్ల దగ్గర నిలబెట్టి ఎక్కారు.
బస్సు ఖర్చు దండగని రోజూ నడిచేవాళ్లే.
అక్కడివాళ్లు దిగి నడిచారు,
మావాళ్లు నడక మాని ఎక్కారు.
ఒక్కొక్కరూ నాణెం అరచేతిలో పెట్టి
నొక్కారు.

పెద్ద గెలుపేం కాదు.
జారవిడిచేవాళ్లు ఆ తర్వాతా జారవిడిచారు.
నేను చూళైమేడులో గది వెతుక్కుంటే
ఓనరమ్మ, మన తెలుగావిడే,
నాకు ముందొచ్చిన నైజీరియా పిల్లని గేటులోంచే పంపేసి
"మీరేమిట్లు?" అని నావైపు తిరిగింది.
గది దొరికితే చాలని ఒక్క క్షణం
ఆ పిల్ల మొహం చూడలేదు నేను.
నా లెక్కలో తక్కువైన పావలా అది.
ఏ పోపుల డబ్బాలోంచి తీసి కట్టను?

ఇప్పుడు మెట్రోలో కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది.
ఎవరి చెయ్యీ ఎవరికీ తగలదు.
మనం గెలిచినట్టా నాయినా,
వాళ్లు తప్పించుకున్నట్టా?

నాయిన పేపరు మడిచాడు.
కళ్లజోడు తీశాడు.
చెయ్యి చాచి,
"చిల్లరుందా?" అన్నాడు.
ఏడంచుల నాణెం పెట్టి, వేళ్లు మూసి,
నొక్కాను.