పంటి బిగువు

రౌమా రేవు వెనక ఏడో నంబరు షెడ్డులో
నవంబరు మధ్యాహ్నం మూడింటికే దీపం వేశాం.
ఎలియెల్ కింద పడుకుని డ్రెయిన్ బోల్టు విప్పాడు.
నూనె ముందు ధారగా, తర్వాత చుక్కలుగా,
ఆ తర్వాత అయస్కాంతాన్ని అంటుకుని
మూడో గేరు పళ్ళు రెండు,
ఒకటి సగం, ఒకటి మొదలంటా.

"రెండేళ్ళలో ఇది మూడో డబ్బా, హిల్కా."
వాడి గొంతులో నేరమంతా పళ్ళదే.
జర్మనీ నుంచి గట్టి చక్రాలు తెప్పిస్తాడట,
రెండు నెలల జీతం పోసి.

నేను మాట్లాడలేదు. కాఫీ పోశాను.
ముప్ఫై నాలుగేళ్ళు ఓడల కార్ఖానాలో
ఇనుము ఎక్కడ అబద్ధమాడుతోందో వెతకడమే నా పని.

ఎనభై ఏడు నాటి సాబ్ టర్బో.
ఇంజను పైన, గేరుబాక్సు కింద,
గంప కింద తలలా.
కట్టినవాళ్ళు అప్పటి బరువుకి సరిపడా కట్టారు.
వీడు టర్బోకి ఊపిరి పెంచుకుంటూ పోయాడు.
గంప పెరిగింది, మెడ పెరగలేదు.

డబ్బాని బల్లకి బిగించి
డయల్ గేజి సూదిని బేరింగు గోడకి ఆనించాను.
"ఆ పొడుగు కడ్డీ పట్టుకుని వేలాడు."
ఎనభై రెండు కిలోల ఎలియెల్ నవ్వుతూ వేలాడాడు.
సూది కదిలింది.
దిగాడు. సూది వెనక్కి వచ్చింది.
మళ్ళీ వేలాడాడు, ఈసారి నవ్వకుండా.

వెంట్రుక మందం. అంతే.
ఇరుసుకీ ఇరుసుకీ వెంట్రుక మందం ఎడమైతే
మొదట్లో పట్టవలసిన పన్ను కొసలో పడుతుంది.
పన్ను గట్టిదేరా. దవడ వదులు.
పంటి బిగువున ఎన్నాళ్ళని లాగుతుంది?

అన్నాక నేనే కాసేపు ఆగిపోయాను.
కౌకో మంచాన పడ్డ రెండేళ్ళూ
ఊళ్ళో అందరూ నన్ను గట్టిదానివన్నారు.
అని, టోపీ సర్దుకుని వెళ్ళిపోయారు.
వీడి నాయనమ్మ త్యూనె ఒక్కతే
గురువారాలు అల్లిక సంచీతో వచ్చి
అతని పక్కన కూర్చునేది.
నేను గురువారాలు నిద్రపోయేదాన్ని.
వీడికప్పుడు ఆరేళ్ళు. ఏం తెలుసు?

పన్నెండు మిల్లీమీటర్ల ఉక్కు పలక,
మంచు చీల్చే ఓడ కట్టగా మిగిలిన తునక.
కోశాను. రంధ్రాలు వేశాను. ఒకటి తప్పు పడింది,
పూడ్చి, తిట్టుకుని, మళ్ళీ వేశాను.
రెండు బేరింగు గోడల్నీ ఒకదానికొకటి అప్పజెప్పి
ఎనిమిది బోల్టులు, రెంచి టక్కుమనేదాకా.
షిమ్ములు ఉల్లిపొర కన్నా పలచన;
చలికి మొద్దుబారిన వేళ్ళతో
ఒక్కొక్కటీ నాలుగుసార్లు కొలిచాను.
కొత్త మూడో గేరుని టుర్కు పంపి
ఉక్కు గింజల వానలో తడిపించాం.
దెబ్బలు తిన్న ఇనుము తొందరగా చిట్లదు.
ఇనుము సంగతే చెబుతున్నాను,
మనుషులకి ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

మళ్ళీ సూది. మళ్ళీ ఎలియెల్ వేలాడాడు.
కదిలింది, మునుపటిలో పావు వంతు.
"ఇంకా కదులుతోంది."
అసలు కదలనిదేదైనా చూశావా అని అడిగాను.

ఫిబ్రవరిలో పోరి రోడ్డు మీద
మంచు గీకేసిన చోటు చూసి
మూడో గేరులో పూర్తిగా తొక్కాడు.
మోత. ఇదివరకటి కన్నా పెద్ద మోత.
గోడలు బిగిశాక ప్రతి పన్నూ వినబడుతుంది.
విరగలేదు.
రేపటి మాట నాకు తెలియదు.

షెడ్డు ముందు ఆపి, సీట్ల నడుమ
తాళంచెవి లాగాడు. రాలేదు.
వెనక గేరు వేస్తేగానీ ఈ కారు తాళంచెవి ఇవ్వదు.
మూడు నెలలు నడపక మరిచిపోయాడు.
నేనే చెయ్యి చాచి వేశాను.

"ఎంత ఇవ్వమంటావు?"
"ఇవాళ ఏ వారం?"
"గురువారం."
"అయితే చెల్లు."