రెండు పద్నాలుగు

నకిరేకల్లు దాటినంక, రోడ్డుకు ఎడంపక్క,
బత్తాయిల కోల్డ్ స్టోరేజీ.
రాత్రి డ్యూటీ నాది.
గోడకు ఇస్త్రీపెట్టెంత డబ్బా,
దాన్నుంచి నాలుగు తీగలు, తీగల కొసకు నాలుగు ముక్కులు.
ఒకటి కంప్రెసర్ మీద, ఒకటి ట్యాంకు మీద,
రెండు చల్లగదుల్ల, కప్పు కింద.
అమోనియా పైకి పోతదట,
అందుకే ముక్కులు పైన్నే ఉంటయి.
మనుషులు కింద ఉంటరు.

గంటకోసారి అంకె చూసి రిజిస్టర్ల ఎక్కియ్యాలె.
సున్నా. సున్నా. సున్నా రెండు. సున్నా.
మొదటి నెల లేచి, నడిచి, చూసి రాసిన.
రెండో నెల కూసున్నకాన్నుంచే రాసిన.
మూడో నెలకెల్లి, రాత్రి తొమ్మిదింటికే
తెల్లారేదాంక సున్నాలన్నీ పోసిపెట్టిన
వాకిట్ల ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు.
సంతకం గూడ ముందే.

డబ్బాకు ఈ విద్య రాదు.
జరిగినప్పుడే రాసుకుంటది.
కరెంటు పోయింది. కరెంటొచ్చింది.
మూడో ముక్కు పలుకుతలేదు. మూడో ముక్కు పలికింది.
వెయ్యి సంగతులు పడతయి దాని కడుపుల,
వెయ్యిన్నొకటి రాంగనే మొదటిదాన్ని మింగుతది.
ఒక్కటే లోపం, గడియారం.
కరెంటు పోయినప్పుడల్లా ఇంత కుంటి, ఇంత కుంటి
పదకొండు నిమిషాలు ఎనకబడ్డది.
ఎవ్వలం సరిజెయ్యలే.

ఆ రాత్రి ఈదయ్య వచ్చిండు.
కాయలేరి బస్తాలు కుట్టేటోడు, మూసీ అవతలి మనిషి.
మూతికి తువ్వాల అడ్డం.
"సారూ, ఘాటొస్తున్నది."
డబ్బా దిక్కు చూసిన. సున్నా ఆరు.
"ఆరే గదనే. ఇరవై అయిదు దాటితే అదే మొత్తుకుంటది, పో."
ఆయన పోయిండు.

మొత్తుకున్నది.
ముప్పై ఎనిమిది.
నేను లేవలే, నా చెయ్యి లేసింది.
దాని నోరుమూసే గుండీ ఒకటుంటది,
నా బొటనేలుకు అరిగి నున్నగైంది.
వానకాలమంత ఊకె మొత్తుకునేది,
తేమకు మొత్తుకునేది, బల్లి పాకితే మొత్తుకునేది.
నొక్కి, సెల్లుల టైము చూసిన.
రెండు పద్నాలుగు.
ఇంకో కునుకు పడుతదనుకున్న.

తర్వాతది నేను రాయలేను.
జంగమ్మ కేక రాయొచ్చు.
బిందెలకు బిందెలు నీళ్లు ఈదయ్య కండ్ల మీద పోసుడు,
కుట్టుసూది ఆయన పిడికిట్లనే ఉండుడు.

మూడోనాడు హైదరాబాదుకెల్లి ఒక పిలగాడొచ్చి
డబ్బాకు తీగ పెట్టి కాయితం గుంజిండు.
మూరెడు చీటీ.
రెండు మూడుకు, ముప్పై ఎనిమిది.
రెండు మూడుకే, ఆపరేటర్ రెండు: ఒప్పుకున్నడు.
రెండు తొమ్మిదికి, నూట పన్నెండు.
ఆపరేటర్ రెండు నేనే.
గుండీ నొక్కితే దాని బాసల ఒప్పుకున్నట్టట.
నేను ఏం ఒప్పుకున్న, ఎవ్వలికి ఒప్పుకున్న?

మేనేజరు చీటీ చూసిండు, గోడగడియారం చూసిండు,
నవ్విండు.
"టైమే తప్పు. టైము తప్పైతే చీటంతా తప్పే.
మన రిజిస్టరు ఉన్నది గద, సున్నాలతోటి."
నా సున్నాలు మంచిగ గుండ్రంగ ఉన్నయి.
ఒక్కదానికన్న చెయ్యి వణకలే.

ఆ రాత్రి ఎర్రపెన్ను తీసిన.
రెండు గంటల సున్నా మీద గీత కొట్టిన, పక్కకు రాసిన:
రెండు మూడు కాదు, రెండు పద్నాలుగు.
ముప్పై ఎనిమిది. గుండీ నొక్కింది నేనే, నిద్రకోసం.
దాని పైన ఇంకో ముచ్చట రాయాలె:
ఒకటీ యాభై, ఈదయ్య చెప్పిండు.
దానికి గడి లేదు.
స్కేలు పెట్టి నేనే గీసిన.

జీతంల కోత పడ్డది, పని పోలే. ఎందుకో తెల్వదు.
ఈదయ్య కుడికన్ను ఇప్పటికీ పొగమంచే.
రోజూ పదింటికి తలుపుకాడ నిలవడి,
తువ్వాల తీసి, ముక్కు ఎగబీల్చి, చెప్తడు.
నేను లేచి నిలవడే రాస్త.
ఏం లేదు. ఏం లేదు. ఏం లేదు.
నిన్న మాత్రం చాలాసేపు నిలవడ్డడు.
"రెండో గదిల, ఏ మూలకో,
ఒక్క కాయ చెడ్డది" అన్నడు.
అది గూడ రాసిన.