మరమ్మతు

ఆ గాలిమరకి బేరింగులు అమ్మింది నేనే.
లింగిచెట్టి వీధిలో, మెట్ల కింద కొట్లో.
రెండు. జిడ్డుకాగితంలో చుట్టి ఇచ్చాను.
బిల్లు మీద ట్రస్టు పేరు రాస్తుంటే
వచ్చినతను అన్నాడు, "ఓసారి వచ్చి చూడండి."
ఇరవై రెండేళ్లుగా అమ్ముతున్నాను,
ఏది ఎక్కడ తిరుగుతోందో
చూసిన పాపాన పోలేదు.

ఆదివారం గుమ్మిడిపూండి లోకల్ ఎక్కాను.
కొరుక్కుపేట, తిరువొత్తియూరు, ఎన్నూరు...
కిటికీలో ఇళ్లు పల్చబడి పొగగొట్టాలు మిగిలాయి,
అవీ వెనకబడ్డాక
అత్తిపట్టు దాటి నేలంతా పగిలిన అద్దం.
ఉప్పుమడులు.
వాటి నడుమ కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ
తాడెత్తు ఇనుప మనిషి.
ఒంటికి కొత్త ఎర్రరంగు, తలచుట్టూ పద్దెనిమిది రేకులు,
తోక మీద పాత కంపెనీ పేరు మళ్లీ రాయించారు,
ఒక అక్షరం తప్పు.

టికెట్టు ఇరవై రూపాయలు.
గాలి లేదు.

పదకొండున్నర. ఒక్క రేకూ కదల్లేదు.
కాలేజీ పిల్లలు కదలనిదాన్నే ఫోటో తీసుకుని
బిర్యానీ వెతుక్కుంటూ పోయారు.
కాపలాదారు దేవసహాయం గడియారం చూడకుండానే అన్నాడు,
"పన్నెండున్నరకి సముద్రం గాలి వస్తుంది.
మా ఊరి బస్సు కన్నా నయం."

నీడ ఎక్కడా లేదు, మర నీడ తప్ప.
చారలు చారలుగా ఉన్న ఆ నీడలో
అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది, చెప్పులు విప్పి పక్కన పెట్టి.
మస్తానమ్మ.
మాట నెల్లూరిది, పుట్టుక మాత్రం ఈ గట్టు మీదేనట.
కొంచెం జరిగి నాకూ ఒక చార ఇచ్చింది.

"పదేళ్లదాన్ని. బరువు లేనిదాన్నని
నన్నే ఎక్కించేవాళ్లు పైకి,
చంకలో ఆముదం డబ్బా.
ఎంత పోసినా అరిచేది ఈ ముండ.
దాని కూత వినే మా నాయన చెప్పేవాడు
నీళ్లు ఎంత లోతుకు దిగిపోయినయ్యో.
రాత్రిపూట కూత ఆగితే
ఉలిక్కిపడి లేచేవాళ్లం గుడిసెంతా.
తర్వాత డీజిలింజను వచ్చింది.
దాని మాట ఎవురికీ అర్థం కాలా."

ముందు ఆమె కొంగు కదిలింది.
తర్వాత గట్టు మీది గడ్డి.
పైన తోక, నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు,
సముద్రం వైపు ముఖం తిప్పింది.
ఒక రేకు. మరొకటి. ఇక రేకులు లేవు,
గుండ్రంగా ఒక మెరుపు.
గొట్టం గుటకలేసి తొట్టిలోకి నీళ్లు కక్కింది.
దేవసహాయం చప్పట్లు కొట్టాడు,
రోజూ కొడతాడనుకుంటా.

మస్తానమ్మ మాత్రం తల పక్కకి వంచి
ఇంకా ఎదురుచూస్తోంది.
ఎంతకీ చెయ్యి చెవి మీంచి దించదు.
"ఏందయ్యా, ఇది అరవదే?"

"మంచి బేరింగులమ్మా," అన్నాను,
గర్వంగానే మొదలుపెట్టాను,
"సీలు వేసినవి. పదేళ్లైనా చప్పుడు..."
మిగతా వాక్యం
నోట్లోనే ఉండిపోయింది, ఉప్పగా.

ఆమె లేచి తొట్టిలో దోసిలి ముంచి
ఒక చుక్క నాలిక్కి తగిలించి ఉమ్మేసింది.
"నీళ్లు మాత్రం అవే."
చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ,
ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది,
"మీ కొట్లో అరిచేవి ఉంటయ్యా?"

ఇరవై రెండేళ్లలో
ఆ సరుకు అడిగినవాళ్లు లేరు.

తిరుగురైలు ఎన్నూరు మలుపులో
పట్టాలని ఒరుసుకుని కీచుమంది.
పెట్టెలో అందరూ ముఖాలు చిట్లించారు.
నేను కళ్లు మూసుకుని విన్నాను,
ఎంత లోతో చెప్పగలనేమోనని.
తెలీలేదు.