గెడ సివర సీసా

నానేటి ఈతగాణ్ణి కాను, బాబూ.
పెదజాలారిపేటలో ఈత రానోడు ఉండడు,
సరదాకి ఈదినోడూ ఉండడు.
నీల్లల్లో దిగడమంటే మాకు తెప్ప తిరగబడ్డమే.

డాక్‌యార్డు వెల్డరు సత్తెంగారి గుంట, హైమావతి,
పదిహేడేల్లది, సెప్పులు సేత్తో పట్టుకుని ఇసకలో నడిసొచ్చి
"మామా, నీ బోటు కావాల" అంది. "ఏటకి కాదు.
నా పక్కన రావాల."
రేటు సెప్పినాను. బేరమాడింది.
ఆ బేరం ఇరవై మూడేల్లయినా తెగనేదు.

రుషికొండ కాడ దిగి రామకృష్ణా బీచి కాడ లేవడం మొదటిది.
ఒడ్డు మీద నలుగురి సప్పట్లు, ఒక బంతిపూల దండ,
పేపర్లో బొటనేలంత బొమ్మ.
ఆ బొమ్మలో నా బోటు ముక్కు పడ్డాది.
మా ఆవిడ కత్తిరించి బియ్యం డబ్బాలో దాసింది.

తరవాత రైల్వేలో ఉజ్జోగం, ఈతకిచ్చినదే.
రాత్రి డూటీ దిగి తెల్లారగట్ట నీల్లల్లోకొచ్చీది,
ఒంటికి మా ఆవిడ వేజలైను పూసీది,
కల్లల్లో ఇంకా రైలు నిద్ర.
ఎక్కడెక్కడికో ఎల్లింది, రామేస్వరం అవతలకి, సలి దేశాలకి.
అక్కడ నీల్లు ఎలగున్నాయమ్మా అంటే
"ఉప్పు తక్కువ మామా" అనీది. అంతే.

నా పని నాకు తెల్సినంత సెప్తాను.
గంటకోసారి గెడ సివర సీసా కట్టి సాపాల.
సోడంబలి, సిటికెడు ఉప్పు, ఒక్కోపాలి బెల్లం.
ఎల్లకిలా తేల్తా తాగాల. బోటంచు ముట్టుకోకూడదు.
నాను ఆ గుంటని ముట్టుకోకూడదు.
సూడ్డానికి ఒక ఆఫీసరు. గొడుగేసుకుని, కక్కుకుంటా,
కాగితం మాత్రం తడవనీకుండా.
ఆయన "నిమిషం" అంటాడు, నాను "అరవై రెండు" అంటాను.
నీల్ల మీద సేతుల లెక్క నాది.

భీమిలి ఈత. నాలుగోపాలి.
ముందు మూడుపాల్లు నీటివాటం ఎనక్కి తోసీసింది.
ఆ రోజు కైలాసగిరి రోప్‌వే తీగలు దాటీసినాం,
ఒడ్డున సబ్‌మెరీను నల్లగా కనబడతంది.
ఇంకో మూడొందల బారలు.
అరవై రెండు యాభై అయింది. నలభై నాలుగు.
"హైమా" అన్నాను. పలకనేదు.
ముప్పై తొమ్మిదో సెయ్యి పైకి లేసి
అలగే ఆగిపోయింది.

నీల్ల మీద మనిసి సెయ్యి ఒక్కటే కనబడితే
ఏటి సెయ్యాలని మా పేటలో ఎవడూ ఆలోసించడు.
పట్టుకున్నాను.

ఈల ఊదినాడు. కాగితం మీద గీత కొట్టీసినాడు.
నా సేతిలో ఆ సెయ్యి ఏడిగానే ఉంది.
"సీసా కోసం సాపినాను మామా" అంది.
ఒడ్డు దాకా ఇంకేటీ అన్నేదు.
రెండేల్లు అన్నేదు.

ఇప్పుడా గుంటకి నలభై. నాకు గుంటే.
బుజం అరిగిపోనాదంట, డాట్రు ఒద్దన్నాడంట.
పొద్దున్న మునిసిపాలిటీ కొలనులో పిల్లలకి నేర్పుతాది,
సాయంత్రం టికెట్లు కోస్తాది.
నిన్న ఒచ్చింది.
"భీమిలి, మామా. మాఘ పున్నానికి ముందు."
రేటు సెప్పినాను. బేరమాడింది.
సంచీలోంచి నైలాను తాడు ముక్క తీసి మా ఆవిడకిచ్చింది,
"ఈయన సేతులు రెండూ అడ్డపలకకి కట్టీ, అత్తా."

మరి గెడ ఎవులు పడతారన్నాను.
మా పేటలో ఆడోలు బోటెక్కరు.
మా ఆవిడ తాడు లాగి సూసింది, గట్టిదే అంది,
నాకన్నా ముందు ఎల్లి
గెడ పొడుగు కొలుస్తంది.