గవాచి

ఇరవై రెండేండ్లుగా
కాలిపోయిన మోటార్లే నాకు బువ్వ పెట్టినాయి.
లో-వోల్టేజీ వచ్చిన రాత్రి
ఎవరి బోరు కాడనో వైండింగు మాడిన వాసన లేస్తే
తెల్లారేసరికి నా అంగడి ముందర ట్రాక్టరు ఆగేది.
రాగి తీగ చుట్టు మీద చుట్టు, చుట్టు మీద చుట్టు,
లెక్క తప్పితే మళ్లీ మొదటికి.
ఆ చేతుల్తోనే ఈ పొద్దు
మా మిద్దెకు నిచ్చెన వేస్తి.

కళ్యాణదుర్గం నుంచి వచ్చిన పిల్లోడు ఎర్రిస్వామి
పైకెక్కి మడమతో తట్టి చూసి
"ఇది చవుడు మిద్దె కదన్నా,
బోల్టు దిగదు. దిగినా నిలబడదు" అనె.
నిజమే.
దూలాలు, దంతెలు, బోద, మన్ను,
అన్నిటి మీద చవుడు.
ఏటా రోహిణి పోకముందే తోలించి పరుస్తాము.
వాన రాని ఏడూ పరుస్తాము.
వానను నమ్మేది మానుకున్నాము గానీ
ఇల్లు కారుతుందనే భయం మానుకోలేదు.

బోల్టు వద్దంటి.
తాడిపత్రి నాపరాళ్లు ఎనిమిది ఎక్కించి
ఇనుప కాళ్ల మీద పేర్చితిమి.
రాతి బరువుకు ఫ్రేము అణిగి కూర్చుండె.
"పెద్దగాలి కొడితే?"
కొండ దిక్కు చూపిస్తి.
మూడు రెక్కల ఫ్యాన్లు, వరసగా, రేయింబవళ్లు.
అవి తిన్నంక మిగిలిన ఎంగిలి గాలే అబ్బీ మా ఊరికొచ్చేది.

దక్షిణం మొగం, కొంచెం వాలు,
నాలుగు సోలారు పలకలు.
లోను మాబున్ని పేరనే, సంఘంలో, పద్దెనిమిది కంతులు.
దారం పట్టి కొలిస్తే లెక్క సరిగ్గా సరిపోయె.
అప్పుడు కింద, వంటింట్లోంచి
ఆమె గొంతు పైకొచ్చె:
"యెవురది, చీకటి చేసింది?"

నాలుగో పలక గవాచి మీద పడింది.

గవాచంటే ఏముంది, మూరెడు బొక్క.
చినుకు పడితే పైన పెంకు మూస్తాము.
అందులోంచి పొయ్యి పొగ ఎక్కుతుంది,
పొద్దు దిగుతుంది, చేటంత ఎండ.
పడమటి గోడ గూట్లో ఉంటే పిల్లోళ్లను బడికి తోలాల.
రోలు మీదికి జారితే సంగటికి ఎసరు.
తూర్పున గాదె ఎక్కితే
మేకలు మళ్లే పొద్దాయె.
వాచీ కొనిస్తే ట్రంకు పెట్టెలో దాచింది.
సెల్లు చూడదు. చేట ఎండను చూస్తుంది.

ఎర్రిస్వామి నవ్వె.
"బల్బు వస్తుంది కదక్కా, పగలంతా వేసుకో."
ఆయమ్మ పైకి చూడకుండానే అనె:
"బల్బు కదలదు కదప్పా."

నేను చవుడు మీద వేలితో లెక్క రాస్తి.
నాలుగైతే ఫ్రిజ్జు నడుస్తుంది.
మూడైతే ఫ్యాన్లు, లైట్లు, టీవీ, అంతే.
ఫ్రిజ్జు అడిగింది ఆమే,
బడి పిల్లోళ్లకు పుల్ల ఐసు అమ్ముకోవాలని.
ఉత్తరానికి జరిపితే
మస్తానప్పోళ్ల కొత్త నీళ్ల ట్యాంకు నీడ.

ఇదంతా గవాచిలో నోరు పెట్టి చెప్తి.
నా తలకాయ అడ్డం పడి
ఆమెకు ఆ మాత్రం ఎండా లేకపాయె.
కాసేపు సద్దు లేదు.
సట్టిలో ఏదో ఉడుకుతాంది.
"జరుపు" అనె.
పలకనా, తలనా, చెప్పలేదు.
రెండూ జరిపితి.

రాత్రి కరెంటు పోయె, ఎప్పటి మాదిరే.
వీధంతా ఒక్కసారి "హో" అని అరిచి చప్పబడె.
మా ఇంట్లో ఇన్వర్టరు కీచుమని మేలుకొని
బల్బు పట్టుకునె.
పక్కింటి పిల్లోళ్లు పుస్తకాల్తో వచ్చి
అడక్కుండానే కూర్చుండిరి.
మాబున్ని వాళ్ల మధ్యన ఉల్లిగడ్డలు తరుగుతా
ఒకసారి పైకి చూసె,
గవాచిలో నాలుగు చుక్కలు.

నాలుగో పలకను వెనక్కి తీసుకోమంటే
కంపెనీ తీసుకోదంట.
మేకల దొడ్డి గోడకు ఆనించినాము.
మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం
చేతులు ఊరుకోక మీటరు పెట్టి చూస్తి:
నలభై ఒక్క వోల్టు.
ఎవరికీ ఇయ్యకుండా, ఊరికెనే, నిండుగా.

నేను వైర్లు మడుస్తాంటే
ఒక మేకపిల్ల వచ్చి
దాని వెనకాల నీడలో పండుకునె.