నిజమైన వరుస

ఆల్స్‌మేర్ పూల వేలంలో
ఇరవై రెండేళ్లుగా నాది ఒకటే పని:
గోడ గడియారంలో ధర కిందికి జారుతుంటే
మీట మీద వేలు పెట్టుకుని కూర్చోవడం.
ముందు నొక్కితే జేబుకు చిల్లు.
ఒక్క క్షణం ఆగితే తులిప్‌ల బండి పక్కవాడిది.
కావలసిన పువ్వు వంక చూడొద్దని
మొదటి వారమే నేర్పాడు ముసలి హార్మెన్:
"కళ్లు కూడా బేరమాడతాయిరా."

ఈ రాత్రి వంటింటి బల్ల మీద
మారిత్ హైస్కూలు ఫారం.
పన్నెండు గళ్లు. ఇష్టమైన వరుసలో బళ్ల పేర్లు.
మీటింగులో నగరపాలక ఆవిడ మూడుసార్లు చెప్పింది,
"మనసులో ఉన్నదే రాయండి. లెక్క అలా కట్టాం,
అబద్ధంతో ఎవరికీ లాభం లేదు."
వెనక వరుసలో మేమంతా నవ్వాం.
అబద్ధానికి గిట్టుబాటు లేని చోటు
మాలో ఎవడు చూశాడు గనక!

కాలువ పక్క బడికి ఎగబడేవాళ్లు ఎందరు,
మూడోదాన్ని ముందుకు జరిపితే ఏమవుతుంది —
పెన్సిలు అరిగింది, కాఫీ చల్లారింది.
మారిత్ పళ్లు తోముకుంటూ వచ్చి
నురగ నోటితోనే అడిగింది:
"కుమ్మరి చక్రం ఉన్న బడి కదా నాకిష్టం,
మూడో గడిలో ఉందేం?"
"ఎత్తుగడ."
"ఎవరి మీద?"

ఎవరి మీద?
ఎదురు కుర్చీలో కొనుగోలుదారు లేడు.
నా మొహం చదివే కన్ను లేదు.
రబ్బరుతో తుడిచాను. కాగితం కాస్త చిరిగింది.
నిజం రాయడానికి చెయ్యి వణికింది,
దొంగ సంతకం పెడుతున్నట్టు.

మెట్ల మీద పై అంతస్తు నూర్గుల్ ఎదురైంది.
వాళ్ల సెర్హాత్‌కీ పన్నెండు గళ్లే,
మేం రాసిన బళ్లు మాత్రం వాడి జాబితాలోనే లేవు.
చలికాలంలో టీచరు ఒక్క ముక్క రాసిందట:
చేతిపనికి తగినవాడు.
భిన్నాలు కూడటం మారిత్ నేర్చుకుంది
వాడి దగ్గరే.
"యంత్రానికి పక్షపాతం లేదంటగా?" అంది.
"లేదు" అన్నాను.
నిజమే చెప్పాను.
వేలం గడియారానికీ లేదు,
గేటు దాటి లోపలికి వచ్చినవాళ్ల మధ్య.

ఏప్రిల్‌లో మారిత్‌కి రెండో గడి తగిలింది.
ఆ మర్నాడు, ఏం పుట్టిందో,
తెల్ల పియోనీల వంక
తలెత్తి నిండా చూశాను.

పక్కవాడు నొక్కేశాడు.